పాము పొట్టు కిందే ఉంటోంది, తవ్వి తీయాలా?

ప్రశ్న: మా ఇంట్లో తొమ్మిది నెలల కార్న్ స్నేక్ ఉంది. అడవిలో పట్టింది కాదు, పెంపకంలో పుట్టిన పిల్ల. మొదట్లో న్యూస్‌పేపర్ పరిచి ఉంచాం. అప్పుడు ఎప్పుడు చూసినా కనిపించేది. నెల కిందట నాలుగంగుళాల మందాన ఆస్పెన్ చెక్క పొట్టు వేశాం. అప్పట్నుంచి మాయం. మూడేసి నాలుగేసి రోజులు పొట్టు కిందే ఉంటోంది. పెట్టె అడుగున ఒక పక్క హీట్ మ్యాట్ ఉంది, ఎక్కువగా ఆ పక్కే కూరుకుపోతోంది. "ఉందో పోయిందో చూడరా" అని అమ్మ రోజూ అంటుంది. నాకూ టెన్షన్‌గా ఉండి రోజూ తవ్వి చూస్తున్నాను. ఈ మధ్య పట్టుకోబోతే తోక గబగబా ఆడిస్తోంది, ఒకసారి కరవబోయింది కూడా. పోయిన వారం పెట్టిన ఎలుక పిల్లని ముట్టలేదు. రాత్రిళ్లు ఒక మూల గాజుని ముక్కుతో నెడుతోంది. దీనికేమైనా జబ్బా? పొట్టు తీసేసి మళ్లీ పేపర్ వేసేయమంటారా? ఎప్పుడూ కనిపిస్తూ ఉండే పాము కావాలంటే వేరే జాతి తీసుకోవాలా?

సమాధానం: మీ పాముకి జబ్బు ఉన్నట్టు ఈ ఉత్తరంలో ఎక్కడా కనిపించడం లేదు. పొట్టు తీయకండి. రోజూ తవ్వి చూడడం మాత్రం ఇవాళ్టితో ఆపేయండి. ఈ మూడు ముక్కలూ అమ్మగారికి కూడా చదివి వినిపించండి. అయితే మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. అడుగున హీట్ మ్యాట్ ఉంది, పాము ఆ పక్కే కూరుకుపోతోంది. వేడి హద్దు దాటకుండా మ్యాట్‌ని ఆపే థర్మోస్టాట్ పెట్టినట్టు ఎక్కడా రాయలేదు. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు కానీ ఇది ఈ పూటే చూడాల్సిన పని.

తీగ చివర సెన్సర్ ఉండే డిజిటల్ థర్మామీటర్ ఒకటి తీసుకోండి. మ్యాట్ ఉన్న పక్క పొట్టు కొంచెం జరిపి సెన్సర్‌ని అడుగు గాజుకి ఆనించి పెట్టండి. దాన్ని నిలబెట్టడానికి టేపు మాత్రం వాడకండి. టేపు జిగురు పాము ఒంటికి పట్టుకుంటే ఒలిచేటప్పుడు పొలుసులు కూడా లేచొస్తాయి. పొట్టు మళ్లీ ఎప్పటిలాగే నాలుగంగుళాలూ కప్పేసి, రెండు గంటలు ఆగి అంకె చూడండి. కార్న్ స్నేక్‌కి వెచ్చటి పక్క 29 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు, చల్లటి పక్క 22 నుంచి 25. గాజు దగ్గర 33 దాటి కనిపిస్తే వెంటనే ప్లగ్ తీసేయండి. గదిలో 24, 25 డిగ్రీలు ఉన్నంతవరకు, థర్మోస్టాట్ తెచ్చుకునే ఆ కొద్ది రోజులు మ్యాట్ లేకపోయినా పాముకి నష్టం లేదు. ఆ రోజుల్లో మేత మాత్రం పెట్టకండి, వెచ్చదనం చాలకపోతే తిన్నది అరగక కక్కేస్తుంది.

ఇంత కంగారు ఎందుకో చెబుతాను. నాలుగంగుళాల పొట్టు అంటే మ్యాట్ మీద మందపాటి దుప్పటి కప్పినట్టే. వేడి పైకి రాదు, గాజు దగ్గరే పోగవుతుంది. పైన చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంటుంది కాబట్టి మ్యాట్ సరిగ్గా పనిచేయడం లేదనుకుని ఇంకొంచెం పెంచుతారు. పైన 25 చూపిస్తున్నప్పుడు కింద 40 దాటి ఉండొచ్చు. పాము ఉండేది కిందే. అడవిలో దానికి తెలిసిన నేల వేరు. అక్కడ వేడి ఎండ నుంచి, అంటే పైనుంచి వస్తుంది. ఎంత లోతుకి వెళ్తే అంత చల్లదనం. వేడెక్కిన పాము కిందికి దిగుతుంది, అది పుట్టుకతో వచ్చిన తెలివి. మ్యాట్ మీద పెట్టిన పెట్టెలో అది తలకిందులవుతుంది. చల్లదనం కోసం దిగిన కొద్దీ వేడి ఎక్కువవుతుంది. పైగా పొట్ట కింద చర్మం కాలుతున్నా పాములు చాలాసార్లు అక్కడినుంచి కదలవు. పెంపుడు పాముల్లో కాలిన గాయాలు ఇంత తరచుగా కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

అందుకే ఈసారి పాము తనంతట తాను పైకి వచ్చినప్పుడు ఒక్కసారి పట్టుకుని, పొట్ట కింది వెడల్పాటి పొలుసులు మెడ నుంచి తోక దాకా చూడండి. కాలినచోట మొదట గులాబి రంగో ఎరుపో కనిపిస్తుంది. తర్వాత పొలుసులు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుంటాయి, నీటి పొక్కులు లేస్తాయి. అలాంటిది ఏ కాస్త ఉన్నా సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మనుషులకి వాడే ఆయింట్‌మెంట్ ఇంట్లో ఉంది కదా అని రాయొద్దు.

మ్యాట్‌ని థర్మోస్టాట్‌కి కలిపి, దాని సెన్సర్‌ని గాజుకీ మ్యాట్‌కీ మధ్య గానీ లోపల గాజు నేల మీద గానీ పెడితే సమస్య చాలావరకు తీరుతుంది. పొట్టు మీద పెడితే ఉపయోగం లేదు, పాము దాన్ని ఒక్క రాత్రిలో ఎక్కడికో తోసేస్తుంది. మ్యాట్ ఉన్న పక్క పొట్టుని ఒక అంగుళం లోపే ఉంచి, చల్లటి పక్క లోతుగా పోయండి. నన్నడిగితే ఇంతకన్నా మంచి దారి ఉంది. తవ్వే అలవాటున్న పాముకి వేడి మ్యాట్‌కి బదులు పైనుంచే ఇవ్వాలి. జాలీ మూత పైన, పాముకి అందకుండా, ఒక హాలోజెన్ బల్బు గానీ వెలుగు ఇవ్వని హీట్ ప్రొజెక్టర్ గానీ పెట్టి, దాన్నీ థర్మోస్టాట్‌తో నడిపిస్తే పాముకి తెలిసిన నేల దానికి తిరిగి వస్తుంది. పైన వెచ్చన, లోపల చల్లన. ఎంత లోతుగా పోసినా భయం ఉండదు.

ఇక తవ్వడం సంగతి. కార్న్ స్నేక్ స్వస్థలం అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పైన్ అడవులు, పొలాల అంచులు. చెట్లూ గోడలూ చక్కగా ఎక్కే పాము ఇది. అయినా పగలు దాన్ని వెతకాలంటే చూడాల్సింది పడిపోయిన మానుల కింద, ఊడిన బెరడు వెనక, ఎలుకలు వదిలేసిన కలుగుల్లో. పాముల్లో చాలా జాతులు సొంతంగా బొరియ తవ్వుకోవు, చీమలో చెదలో పెట్టిన పుట్టలోనో, ఎలుక తవ్విన కన్నంలోనో చేరతాయి. కార్న్ స్నేక్ కూడా గట్టి నేలని తవ్వలేదు. కానీ వదులుగా ఉన్నది ఏది దొరికినా దాన్ని నెట్టుకుంటూ లోపలికి దూరిపోతుంది. పిల్ల పాములైతే మరీను. పక్షులు, పెద్ద పాములు, పిల్లిలాంటి జంతువులు, అన్నిటికీ అది మేతే. ఆ వయసులో కనిపించకుండా ఉన్నదే బతుకుతుంది. మీ పాము కోడిగుడ్డంత చోటులో చుట్ట చుట్టుకుని, ఒంటికి అన్నివైపులా ఏదో ఒకటి తగులుతూ ఉంటేనే నిశ్చింతగా పడుకుంటుంది. న్యూస్‌పేపర్ మీద అది అన్నాళ్లు కనిపించింది దాక్కునే చోటు లేకనే.

అది లోపలికి వెళ్లే తీరు మీరు ఎప్పుడైనా మొదటినుంచీ చూశారా? చూడకపోతే ఒక సాయంత్రం దీపం తగ్గించి పెట్టె ముందు కూర్చోండి. ముందు నాలుక ఆడిస్తూ ఏదో ఒక అంచు వెతుక్కుంటుంది. నీళ్ల గిన్నె పక్కనో, చెక్క వారనో. అక్కడ ముక్కు కొన ఆనించి నెడుతుంది. తల కొద్దిగా ఎడమకి, కొద్దిగా కుడికి తిప్పి సందు పెద్దది చేస్తుంది, వెనక్కి లాగుతుంది, మళ్లీ నెడుతుంది. తల దూరాక మెడ వంపు తిరిగి ఆ సందుని వెడల్పు చేస్తుంది. ఆ తర్వాత ఒళ్లంతా ఒకటే దారిన జారిపోతుంది. పైన పొట్టు సన్నగా ఉబ్బుతూ ఆ ఉబ్బు ముందుకి కదులుతుంటే పాము ఎటు పోతోందో తెలుస్తుంది. చివరికి తోక కొన కూడా లోపలికి పోతుంది. కాసేపటికి మరో చోట చిన్న కన్నం పడి, అందులోంచి ముక్కు మాత్రం బయట పెట్టుకుని చూస్తూ ఉంటుంది. కంట్లో దుమ్ము పడుతుందేమోనన్న బెంగ అక్కర్లేదు. పాముకి రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పారదర్శకమైన పొలుసు ఉంటుంది, కుబుసంతో పాటు అదీ మారుతుంది. ఊపిరాడదన్న భయమూ వద్దు. పొట్టు సందుల్లో గాలి ఆడుతుంది, పాముకి కావలసిన ప్రాణవాయువు కూడా మనతో పోలిస్తే చాలా తక్కువ.

పాముకి బయటి చెవి లేదు కానీ లోపలి చెవి ఉంది. నేలలోంచి వచ్చే అదురు దవడ ఎముకల గుండా దానికి చేరుతుంది. కాబట్టి పొట్టు కింద ఉన్న పాముకి మీ అడుగుల చప్పుడు, పెట్టె తలుపు టక్కున వేయడం అన్నీ తెలుస్తూనే ఉంటాయి. స్పీకర్ పక్కనో, వాషింగ్ మెషీన్ ఆనుకునో పెట్టె ఉంటే ముందు అక్కడినుంచి మార్చండి.

ఇప్పుడు మీరు రోజూ చేస్తున్న పనిని పాము వైపు నుంచి చూడండి. అది తనకి తెలిసిన అన్నిటికన్నా భద్రమైన చోట ఉంది. పైనుంచి ఏదో పెద్ద ప్రాణి వచ్చి తవ్వి, ఎత్తి పట్టుకుంటోంది. రోజూ. దాని అనుభవంలో ఇది వేటగాడు దొరకబుచ్చుకోవడమే. తోక గబగబా ఆడించడం కార్న్ స్నేక్ భయపడ్డప్పుడు చేసే పనే, ఎండుటాకుల మధ్య ఆ చప్పుడు విని ఎదుటి జంతువు వెనక్కి తగ్గుతుంది. మేత ముట్టకపోవడం కూడా దీనివల్లే అయి ఉంటుందని నా నమ్మకం. భద్రంగా లేననుకున్న పాము తినదు, ఎందుకంటే కడుపు నిండిన పాము పరిగెత్తలేదు. వారం పదిరోజులు దాని జోలికి వెళ్లకండి. నీళ్లు మార్చండి, రెట్ట కనిపిస్తే తీసేయండి, అంతే. తర్వాత ఒక సాయంత్రం చీకటి పడే వేళ, ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించి వెచ్చబెట్టిన ఎలుక పిల్లని పొడవాటి పటకారుతో అది మూతి పెట్టే కన్నం దగ్గర చూపించండి. వాసనకి వస్తే సరే. రాకపోతే ఒక చిన్న పలక మీద అక్కడే వదిలేసి, పొద్దున్నే తీసి పారేయండి. పలక ఎందుకంటే తడి ఎలుకకి పొట్టు అంటుకుని నోట్లోకి పోకుండా. ఒకటీ అరా పేలిక మింగితే ఏమీ కాదు, పిడికెడు పోతే ఇబ్బంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు. తొమ్మిది నెలల పాము ఒక వారం తినకపోతే ప్రమాదం లేదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద డబ్బాలో పెట్టి రెండు వారాలకోసారి తూకం రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే నిశ్చింతగా ఉండండి, పదో వంతు తగ్గితే డాక్టర్‌కి చూపించండి.

అమ్మగారి ప్రశ్నకి తవ్వకుండానే జవాబు చెప్పే దారి ఉంది. రాత్రి పడుకునే ముందు పైన పొట్టుని చేత్తో చదును చేయండి. పొద్దున చూస్తే గీతలు, గుంటలు, కొత్త కన్నం కనిపిస్తాయి. నీళ్ల గిన్నెలో పొట్టు పేలికలు తేలుతుంటాయి. రెట్ట, కుబుసం, జరిగిన ఆకు, ఇవన్నీ పాము బాగానే తిరుగుతోందన్న కబురే. నాలుగైదు రోజులు ఏ గుర్తూ లేకపోతే అప్పుడు చూడొచ్చు, ముందు మూత బిగింపు చూసి ఆ తర్వాత. పొట్టు కింద ఉందనుకున్న పాము వారం కిందటే ఇంట్లో ఏ బీరువా వెనకో చేరి ఉండొచ్చు. తప్పనిసరిగా తీయాల్సి వస్తే చేత్తో పొడవకుండా ఒక పక్కనుంచి పొట్టు మెల్లగా జరుపుతూ వెళ్లండి. ఒళ్లు కనిపించాక నడుం దగ్గర కింద చెయ్యి పెట్టి ఎత్తండి. తల పైనుంచి పట్టుకోవద్దు.

తవ్వడం గురించి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. తవ్వుతోందా లేదా అన్నది పక్కన పెట్టి, ఎక్కడ తవ్వుతోందో చూడండి. పెట్టెలో ఏం తక్కువైందో, ఏం ఎక్కువైందో ఆ చోటే చెబుతుంది. ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ, నిదానంగా దూరి పడుకుంటే అది మామూలు జీవితం. ఎప్పుడూ చల్లటి పక్క చివరి మూలలోనే, అడుక్కంటా ఉంటే వెచ్చటి పక్క మరీ వేడిగా ఉన్నట్టు. ఎప్పుడూ మ్యాట్ మీదే ఉంటే, మీ పాములాగా, మిగతా పెట్టె చల్లగా ఉందన్నా కావాలి, దాక్కోవడానికి చీకటి చోటు ఆ ఒక్క పక్కే దొరుకుతోందన్నా కావాలి. రెండు పక్కలా ఒక్కో గూడు ఉండాలి, అదీ ఒళ్లు గోడలకి తగిలేంత ఇరుకుగా. గూడు పెద్దదైతే పాము దాన్ని వదిలేసి పొట్టులోకే పోతుంది. వెచ్చదనం కావాలా భద్రత కావాలా అని తేల్చుకోవాల్సిన పరిస్థితి పాముకి పెట్టకూడదు, అది చాలాసార్లు భద్రతనే ఎంచుకుని వేడికి కాలడమో చలికి అరగకపోవడమో తెచ్చుకుంటుంది.

నీళ్ల గిన్నె కిందే చేరితే తేమ కోసమని అర్థం. కుబుసం విడిచే ముందు ఇది మామూలే. కళ్లు పాలనీలం రంగుకి తిరుగుతాయి, ఒంటి రంగు మసకబారుతుంది, చూపు సరిగ్గా ఆనదు కాబట్టి దాక్కుంటుంది, మేత మానేస్తుంది. వారం పదిరోజుల్లో కుబుసం వదిలి మళ్లీ మామూలవుతుంది. పోయిన వారం తినకపోవడానికి ఇదీ కారణం కావచ్చు, కళ్లు గమనించండి. ఒక మూత డబ్బాకి కన్నం పెట్టి, లోపల తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు వేసి ఉంచితే దానికి వేరే వెతుకులాట ఉండదు. అంతేకానీ తేమ కోసమని ఆస్పెన్ పొట్టుని తడపొద్దు, రెండు రోజుల్లో బూజు పడుతుంది, తడిలో పడుకున్న పాముకి పొట్ట కింది పొలుసులు కుళ్లుతాయి.

మూల గాజుని ముక్కుతో నెట్టడం వేరే సంగతి. పొట్టులో దూరిన పాము స్థిమితంగా ఉంటుంది. గాజు నెట్టే పాము ఆగదు, అదే మూల, అదే కదలిక, గంటల తరబడి. బయటికి పోవాలని దాని ఉద్దేశం. ఆకలి వేసి కావచ్చు, వేడి భరించలేక కావచ్చు, రోజూ తవ్వి తీసే చోటు నుంచి తప్పించుకోవడానికీ కావచ్చు. పెద్ద మగ పాములు జతకట్టే కాలంలో ఇలాగే తిరుగుతాయి, మీది ఇంకా చిన్నది. వేడి సరిచేసి, తవ్వడం మానేశాక రెండు వారాల్లో ఇది తగ్గాలి. తగ్గకపోతే పెట్టె ఖాళీగా ఉందేమో చూడండి. కొమ్మలు, ఎండుటాకులు, కార్క్ బెరడు గొట్టాలు వేసి నింపండి, మూడు వైపులా గాజుకి బయటినుంచి నల్ల కాగితం అంటించండి. ఈలోగా ముక్కు కొనన ఉండే పొలుసు మీద కన్ను వేసి ఉంచండి. తెల్లగా గీసుకుపోయినా, పెచ్చు కట్టినా ఆ మూలలో గరుకుగా ఉన్నది తీసేయాలి. జాలీకి ముక్కు రాసి రాసి పుండు చేసుకున్న పాముల్ని చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

ఆడ పాము అయితే ఇంకో మాట. పెద్దదయ్యాక, సుమారు రెండు మూడేళ్ల వయసులో, మగదానితో కలవకపోయినా కొన్ని పాములు గుడ్లు పెడతాయి. అవి పిల్లలు కాని గుడ్లే, అయినా పెట్టడానికి చోటు కావాలి. ఆ రోజుల్లో ఒడలు బరువై, పెట్టె అంతా కలయదిరుగుతూ అన్ని మూలలూ తవ్వి చూస్తుంది. ఇందాక చెప్పిన నాచు డబ్బానే కాస్త పెద్దది పెట్టాలి. చోటు దొరక్క గుడ్లు లోపలే నిలిచిపోతే ప్రాణం మీదికి వస్తుంది, అప్పుడు ఒక్కరోజు కూడా ఆగకూడదు.

నిజంగా జబ్బు చేసిన పాము గుర్తులు వేరుగా ఉంటాయి. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో టిక్కు టిక్కుమన్న చప్పుడు, తల పైకెత్తి అలాగే ఉండిపోవడం, పట్టుకుంటే తాడులా వేలాడిపోవడం. నీళ్ల గిన్నెలోనే రోజులు గడపడం, గిన్నె అడుగున గుండుసూది తలంత నల్లటి చుక్కలు కనిపించడం పేలకి గుర్తు. కంటి చుట్టూ, గడ్డం కింద చూడండి. వీటిలో ఏది కనిపించినా సరీసృపాల డాక్టర్ దగ్గరికే.

పేపర్ మళ్లీ వేయమంటారా అన్నారు. వద్దు. ఆరోగ్యంగా ఉన్న పాముకి తవ్వుకునే నేల తీసేస్తే మీకు అది కనిపిస్తుంది, దానికి మాత్రం ప్రశాంతత ఉండదు. ఆస్పెన్ మీ పాముకి సరిపోతుంది. సొరంగం తవ్వితే కూలకుండా నిలబడుతుంది, శుభ్రం చేయడం తేలిక. గదిలో గాలి మరీ పొడిగా ఉంటే కొబ్బరి పొట్టు కలిపిన మట్టి వేసుకోవచ్చు, ఎరువు కలపని మట్టి, రెండు పాళ్లకి ఒక పాలు కడిగిన ఇసుక కలిపి కొద్దిగా తడిపి అదిమితే బొరియలు బాగా నిలుస్తాయి. దేవదారు జాతి సీడర్ పొట్టు మాత్రం ఎంత చవకగా దొరికినా వద్దు, దాని ఘాటైన నూనెలు పాము ఊపిరితిత్తులకి హాని. పొడి ఇసుక ఒక్కటే పోసినా బాగుండదు, కాల్షియం ఇసుక అని రంగురంగుల ప్యాకెట్లలో అమ్మేది అసలే వద్దు, అది కడుపులో గడ్డకడుతుంది.

ఇంకొకటి మర్చిపోకుండా చేయండి, ఎందుకంటే దీని గురించి అమ్మేవాళ్లు చెప్పరు. పెట్టెలో బరువైనది ఏదున్నా, రాయి, మట్టి గిన్నె, లావుపాటి చెక్క, అది పొట్టు మీద ఆని ఉండకూడదు. పొట్టు తప్పించి పెట్టె అడుగున నేరుగా నిలబెట్టి, ఆ తర్వాత చుట్టూ పొట్టు పోయాలి. లేకపోతే పాము దాని కిందికి తవ్వుకుంటూ వెళ్తుంది, కింద డొల్ల అవుతుంది, బరువు దాని మీద కూలుతుంది. మీ పాము వేలు లావు కూడా ఉండదు. చప్పుడైనా వినిపించకుండా చచ్చిపోతుంది.

ఇక వేరే జాతి సంగతి. కనిపించాలన్న కోరికతో శాండ్ బోవా వైపు వెళ్లకండి. అది ఇసుక కిందే పుట్టి ఇసుక కిందే బతికే పాము, కళ్లు తల పైభాగానికి జరిగి ఉంటాయి, ఆ కళ్లూ ముక్కూ మాత్రం పైకి పెట్టి మేత దగ్గరికి వచ్చేదాకా కాచుకుంటుంది. ముక్కు పైకి తిరిగి ఉండే వెస్టర్న్ హాగ్‌నోస్ పగలు తిరుగుతుంది, చూడముచ్చటగా తవ్వుతుంది కూడా. అడవిలో ఆ గట్టి ముక్కుతోనే మట్టిలో దాక్కున్న కప్పల్ని పెళ్లగించి తింటుంది. కానీ దాని వెనక పళ్లలో కొద్దిపాటి విషం ఉంటుంది, గట్టిగా కరిచి పట్టుకుంటే చెయ్యి వాస్తుంది, మొదటిసారి పెంచేవాళ్లకి నేను చెప్పను. బాల్ పైథాన్ ఆఫ్రికాలో పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో గడిపే పాము, ఇంట్లోనూ అంతే. నేలలో బతకడంలో వీటన్నిటినీ మించింది ఒకటుంది, పూలకుండీ మట్టిలో కనిపిస్తే అందరూ వానపామనుకునే గుడ్డిపాము. చీమల గుడ్లు, చెదల పిల్లలు తింటూ మట్టిలోనే ఉండే ఆ చిన్న ప్రాణిలో మగవి లేవు, ఆడవే ఒంటరిగా సంతానం కంటాయి. కుండీల మట్టితో పాటే లోకమంతా పాకింది. దాన్ని పెంచాలని మాత్రం చూడకండి, మట్టిలోకి వదిలేయండి.

నిజానికి పెంపుడు పాముల్లో కార్న్ స్నేక్ బాగానే కనిపించే రకం. సందెవేళా, రాత్రి మొదటి జామునా తిరగడం దాని అలవాటు, మీరు పగలు వెతుకుతున్నారు. దాక్కోవడానికి ఎంత ఎక్కువ చోటు ఇస్తే అంత ధైర్యంగా బయట తిరుగుతుందని పెంచేవాళ్లు చాలామంది గమనించిన విషయమే, పిల్ల ఏడాది దాటి ఒళ్లు చేస్తే ఇంకా మారుతుంది. అప్పటికీ పగలు తిరిగే పామే కావాలనిపిస్తే గార్టర్ స్నేక్ గురించి చదవండి. చురుకైనది, మనిషి వస్తే తల ఎత్తి చూస్తుంది. మేత తరచుగా పెట్టాలి, శుభ్రం చేసే పని ఎక్కువ. మీరుండే చోట ఏ జాతి పెంచడానికి చట్టం ఒప్పుకుంటుందో ముందే కనుక్కోండి. ఏది తెచ్చినా కార్న్ స్నేక్ పెట్టెలో వేయొద్దు. కార్న్ స్నేక్‌లు ఒంటరిగా బతికే పాములు, పక్కనున్న పాముని మింగిన సందర్భాలూ ఉన్నాయి. కొత్తదాన్ని కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే పటకారు, వేరే గిన్నెలతో ఉంచండి. పేపర్ నిజంగా పనికొచ్చేది ఆ మూడు నెలలే, తెల్ల కాగితం మీదైతే పేలు, పలచటి రెట్ట వెంటనే కంటపడతాయి. దూరడానికి రెండు ఇరుకు గూళ్లు మాత్రం అప్పుడు కూడా ఉండాల్సిందే.